త్రివిధ దళాలలో దేనిలో చేరాలి? తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతూ, సైన్యంలో చేరాలనుకునే విద్యార్థులకు దరఖాస్తు నుంచి వైద్య పరీక్ష దాకా తోడుగా ఉంటూ వచ్చిన నాకు ప్రతి ఏడాదీ ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వయస్సు, మార్కులు, కొలతలు ప్రకటన మారినప్పుడల్లా కొంత మారుతుంటాయి కనుక, దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి ప్రకటనను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మీరే చదవండి.

ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లలో ఏది మంచిది?

ఈ ప్రశ్నకు ముందు ఇంకొక ప్రశ్న ఉంది. మీరు జవానుగా చేరదలచుకున్నారా, అధికారిగా చేరదలచుకున్నారా? మూడు దళాల మధ్య ఉన్న తేడా కన్నా, ఒకే దళంలో జవాను జీవితానికీ అధికారి జీవితానికీ ఉన్న తేడా చాలా పెద్దది. జీతం, ఉద్యోగ కాలం, శిక్షణ, చేసే పని, కుటుంబాన్ని వెంట ఉంచుకునే వీలు, ఉద్యోగం తరువాతి జీవితం అన్నీ ఈ ఒక్క నిర్ణయంతోనే మారిపోతాయి. ఇంటర్ పూర్తయిన విద్యార్థి అధికారులను తయారుచేసే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష గురించి వినకుండానే అగ్నివీర్‌కు, అంటే నాలుగేళ్ల జవాను ఉద్యోగానికి, దరఖాస్తు చేయడం నేను పదేపదే చూశాను. ఆ పని తప్పు కాదు, అయితే రెండు దారులూ తెలిసి ఒకదానిని ఎంచుకోవడం వేరు, ఒక్కటే తెలిసి దానిలో నడవడం వేరు.

దారి తేలిన తరువాత దళం సంగతి. అక్కడ కూడా ఏది గొప్పది అని కాకుండా, ఏ దళంలో రోజు ఎలా గడుస్తుంది, ఆ రోజును ఏళ్ల తరబడి గడపడానికి నా మనస్సూ శరీరమూ సిద్ధంగా ఉన్నాయా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోవాలి. యూనిఫాం రంగు చూసి, సినిమాలో చూసిన దృశ్యం తలచుకొని తీసుకున్న నిర్ణయం శిక్షణ మొదటి నెలలోనే బరువెక్కుతుంది.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ కూడా సైన్యమే కదా?

కాదు. అవి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ కింద పనిచేసే కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్, వాటితోపాటు కోస్ట్ గార్డ్ రక్షణ మంత్రిత్వ శాఖ కిందికి వస్తాయి. ఎంపిక పరీక్షలు, సేవా నిబంధనలు వేరు. సరిహద్దులో నిలబడే ఉద్యోగమే కావాలనుకునేవారు ఆ బలగాలను కూడా తప్పక పరిశీలించాలి కానీ, ఈ పేజీ త్రివిధ దళాలకే పరిమితం.

పదో తరగతి అయిపోయింది. సైన్యంలో చేరాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?

ఈ పేజీలోని ప్రశ్నలన్నింటిలో దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఏ దళంలో చేరాలన్న నిర్ణయం పద్దెనిమిదో ఏట తీసుకుంటున్నామని అందరూ అనుకుంటారు. నిజానికి అందులో సగం పదిహేనో ఏట, ఇంటర్ దరఖాస్తులో గ్రూపు పేరు రాసిన రోజునే తేలిపోతుంది.

ఎన్‌డీఏలో నేవీ, ఎయిర్ ఫోర్స్ విభాగాలకు ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు అయినా సరిపోతుంది. అయితే ఆ మాట విని సీఈసీ విద్యార్థులు తేలికపడకూడదు, ఎందుకంటే రాత పరీక్షలో 300 మార్కుల గణిత పత్రం అందరికీ ఒక్కటే, అది ఇంటర్ స్థాయి గణితమే, తప్పు సమాధానానికి మార్కులు కోత పడతాయి. నేవీలో అగ్నివీర్ ఎస్‌ఎస్‌ఆర్ (ఇంటర్ పాసైనవారిని నావికులుగా తీసుకునే) విభాగానికి ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం కావాలి. ఆర్మీలో అగ్నివీర్ టెక్నికల్‌కు భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం, ఇంగ్లీషుతో ఇంటర్ చదివిన వారిని తీసుకుంటారు. ఎయిర్ ఫోర్స్ అగ్నివీర్ వాయు మాత్రం కొంత విశాలం: గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు చదివిన వారితోపాటు మూడేళ్ల ఇంజినీరింగ్ డిప్లొమా చేసినవారినీ, సైన్సు కాని గ్రూపులలో 50 శాతం మార్కులతో పాసై ఇంగ్లీషులో విడిగా 50 శాతం తెచ్చుకున్నవారినీ అనుమతిస్తుంది.

అందువల్ల గణితంలో కనీస ఆసక్తి ఉన్న విద్యార్థికి ఎంపీసీయే మంచిదని చెబుతాను, అది మూడు దళాల తలుపులనూ తెరిచి ఉంచుతుంది. బైపీసీ విద్యార్థుల దారి సన్నదే గానీ మూసుకుపోలేదు. ఆర్మీలో నర్సింగ్ అసిస్టెంట్, ఎయిర్ ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంట్ ఉద్యోగాలు ఆ గ్రూపు వారికే ఉద్దేశించినవి. నీట్‌లో మంచి ర్యాంకు వస్తే పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివి సైనిక వైద్యులు కావచ్చు.

మరొక మాట. మన రెండు రాష్ట్రాలలో జేఈఈ మెయిన్ రాసే విద్యార్థులు లెక్కకు మించి ఉన్నారు, కానీ అదే ర్యాంకుతో సైన్యంలో అధికారి కావచ్చునని తెలిసినవారు కొద్దిమందే. ఆర్మీ వారి టెక్నికల్ ఎంట్రీ స్కీముకు, నేవీ వారి బీటెక్ క్యాడెట్ ఎంట్రీకి విడిగా రాత పరీక్ష ఉండదు. ఇంటర్ మార్కులు, జేఈఈ మెయిన్ ఫలితం చూసి నేరుగా ఎస్‌ఎస్‌బీ (అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎంపికైన వారికి ఇంజినీరింగ్ చదువు, శిక్షణ రెండూ ప్రభుత్వ ఖర్చుతోనే సాగుతాయి.

పదో తరగతి మాత్రమే పాసయ్యాను. నాకు ఏ అవకాశాలు ఉన్నాయి?

ఆర్మీలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉంటే చాలు. ట్రేడ్స్‌మన్ విభాగంలో కొన్ని పనులకు ఎనిమిదో తరగతి పాసైనవారిని కూడా తీసుకుంటారు. నేవీలో ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) విభాగానికి పదో తరగతి అర్హత. అయినా, వయస్సు ఉంటే ఇంటర్ పూర్తి చేసి రండి. రెండేళ్లు పోతాయన్న తొందరలో జనరల్ డ్యూటీలో చేరి, నాలుగేళ్ల తరువాత బయటకు వచ్చినప్పుడు ఇంటర్ సర్టిఫికెట్ లేక ఇబ్బందిపడే పరిస్థితి తెచ్చుకోవద్దు.

అగ్నివీర్ అంటే నాలుగేళ్లే కదా, దానికోసం ఇంత కష్టపడడం అవసరమా?

అగ్నిపథ్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 జూన్ 14న ప్రకటించింది. అప్పటి నుంచి మూడు దళాలలోనూ జవాను, నావికుడు, ఎయిర్‌మ్యాన్ స్థాయిలో జరిగే నియామకాలు ప్రధానంగా ఈ దారిలోనే సాగుతున్నాయి. లెక్కలు ముందు చూద్దాం. మొదటి ఏడాది నెలకు 30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000 రూపాయలు ప్యాకేజీగా నిర్ణయించారు. ఇందులో 30 శాతం సేవా నిధికి మినహాయిస్తారు కనుక మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000, నాలుగో ఏడాది 28,000. మినహాయించిన సొమ్ముకు ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్లకు రెండు వాటాలూ కలిసి సుమారు 10.04 లక్షలు అవుతాయి, వడ్డీ వేరు. దీనిపై ఆదాయపు పన్ను లేదు. విధుల కాలానికి 48 లక్షల రూపాయల జీవిత బీమా ఉంటుంది, దానికి మీరు ప్రీమియం కట్టనక్కరలేదు. పింఛను, గ్రాట్యుటీ ఉండవు.

నాలుగేళ్లు పూర్తయిన బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు, వారు కనీసం మరో 15 ఏళ్లు పనిచేయాలి. అంటే నలుగురిలో ముగ్గురు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయస్సులో ఇంటికి తిరిగి వస్తారు. ఈ వాస్తవాన్ని కళ్ల ముందు పెట్టుకొని మరీ ఆలోచించాలి. ఆ ఒక్కడు నేనే అవుతానన్న నమ్మకం ఉండవలసిందే. అయితే ఆ నమ్మకం మీద మాత్రమే కుటుంబ అప్పులను, చెల్లి పెళ్లిని ఆనించి ఉంచకూడదు.

ఇక్కడ దళాన్ని ఎంచుకోవడం నిజంగా పనికి వస్తుంది. తిరిగి వచ్చే ముగ్గురిలో మీరు ఒకరైతే, మీ చేతిలో ఏ పని ఉంటుంది? ఓడ ఇంజిను గదిలో, విమానాల మరమ్మతు షెడ్డులో, సిగ్నల్స్ పరికరాల దగ్గర నాలుగేళ్లు గడిపినవారికి ఒక సాంకేతిక పని చేతికి వస్తుంది. పదాతి దళంలో గడిపినవారికి వచ్చే క్రమశిక్షణ, శారీరక దృఢత్వం పోలీసు ఉద్యోగాలకు, సాయుధ బలగాలకు బాగా సరిపోతాయి. కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో మాజీ అగ్నివీరులకు 10 శాతం ఖాళీలు కేటాయిస్తామని, వయో పరిమితిలో సడలింపు ఇస్తామని కేంద్రం 2022లోనే ప్రకటించింది. కనుక తిరిగి వచ్చాక కానిస్టేబుల్ లేదా ఎస్సై ఉద్యోగం కావాలనుకునేవారు జనరల్ డ్యూటీని, పరిశ్రమలో పని కావాలనుకునేవారు సాంకేతిక విభాగాలను ముందు చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంకొక నిబంధనను చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు: అవివాహితులు మాత్రమే దరఖాస్తు చేయాలి, నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. ఏడాదికి సెలవు 30 రోజులు.

ఆర్మీలో జీవితం ఎలా ఉంటుంది?

మూడింటిలో అతి పెద్ద దళం ఆర్మీ, సిబ్బంది సంఖ్య 12 లక్షల పైమాటే. అందుకే ఖాళీలు ఎక్కువ, పనుల్లో వైవిధ్యమూ ఎక్కువ. ఆర్మీ అనగానే తుపాకి పట్టుకొని మంచు కొండల మీద నిలబడే జవాను గుర్తుకు వస్తాడు. ఆ జవాను పదాతి దళం వాడు. అతని వెనుక ట్యాంకులు నడిపేవారు, ఫిరంగులు పేల్చేవారు, వంతెనలు కట్టే ఇంజినీర్లు, సమాచార వ్యవస్థను నిలబెట్టే సిగ్నల్స్ వారు, వాహనాలనూ ఆయుధాలనూ బాగుచేసే ఈఎంఈ వారు, తిండి గింజల నుంచి మందుగుండు దాకా సరఫరా చేసేవారు ఉంటారు. మన హైదరాబాదు, సికింద్రాబాదులలోనే గోల్కొండ ఆర్టిలరీ సెంటర్, ఈఎంఈ సెంటర్, ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్, ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) సెంటర్ అని మూడు పెద్ద శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో శిక్షణ ఇచ్చే మద్రాస్ రెజిమెంటులో తెలుగువారు తరతరాలుగా పనిచేస్తున్నారు.

ఏ రెజిమెంటుకు వెళ్తారన్నది పూర్తిగా మీ చేతిలో ఉండదు. అగ్నివీరులకు శిక్షణ సుమారు 31 వారాలు. ఆ తరువాత కొంతకాలం ఫీల్డ్, కొంతకాలం పీస్ స్టేషన్ అన్న పద్ధతిలో బదిలీలు నడుస్తాయి. ఫీల్డ్ అంటే సరిహద్దు, ఎత్తైన కొండలు, ఉగ్రవాద నిరోధక విధులు. అక్కడికి కుటుంబాన్ని తీసుకువెళ్లలేరు. పీస్ స్టేషన్‌లో క్వార్టర్ దొరికితే రెగ్యులర్ జవాన్లు కుటుంబంతో ఉండవచ్చు.

ఆరుబయట పనిచేయడం ఇష్టమైనవారికి, ఒక చిన్న గుంపులో ప్రాణ స్నేహంగా బతకగలిగినవారికి, నేల మీద నడిచే కష్టానికి వెరవనివారికి ఆర్మీ తగినది. ఒంటరిగా, ప్రశాంతంగా ఒక యంత్రంతో పనిచేయడం ఇష్టపడేవారు ఆర్మీలో చేరదలచుకుంటే టెక్నికల్ విభాగాన్నే కోరుకోవాలి.

నేవీలో చేరాలంటే ఈత వచ్చి ఉండాలా? సముద్రంలో నెలల తరబడి ఉండాలంటే భయంగా ఉంది.

ఈత రాకపోయినా దరఖాస్తు చేయవచ్చు, శిక్షణలో నేర్పుతారు. నావికుల తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిలికాలో జరుగుతుంది. అగ్నివీరుల మొదటి బ్యాచ్ అక్కడ 2023 మార్చి 28న శిక్షణ పూర్తి చేసుకుంది.

భయం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. విశాఖపట్నం తూర్పు నౌకాదళ కమాండ్‌కు కేంద్రం కావడం వల్ల మనవాళ్లకు నేవీ అంటే ఒక దగ్గరితనం ఉంది. ఆర్.కె. బీచ్‌లో ఒడ్డున నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామిని చిన్నప్పుడు చూసి, అప్పుడే నేవీలో చేరాలని నిర్ణయించుకున్నామని చెప్పే విద్యార్థులు నాకు తెలుసు. వారితో నేనొక మాట అంటుంటాను: మళ్లీ ఒకసారి వెళ్లండి, ఈసారి దాని లోపల నావికులు పడుకొనే బల్లలను, వంటగదిని, రెండు బల్లల మధ్య ఉన్న ఖాళీని చూడండి. అంత ఇరుకులో, బయట పగలో రాత్రో తెలియని చోట, తోటివారితో కలిసి వారాలు గడపగలనా అని అక్కడే నిలబడి ఆలోచించండి. అన్ని ఓడలూ అంత ఇరుకుగా ఉండవు, విమాన వాహక నౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ ఒక చిన్న ఊరంత ఉంటుంది. అయితే ఏ ఓడలోనైనా స్థలం తక్కువ, ఏకాంతం తక్కువ. పని వాచ్‌లుగా, అంటే కొన్ని గంటల వంతులుగా, నడుస్తుంది కనుక నిద్ర కూడా ముక్కలుముక్కలుగానే దొరుకుతుంది. ఓడ కదులుతుంటే మొదట్లో కడుపులో తిప్పడం, వాంతులు చాలామందికి సహజం; కొన్నాళ్లకు ఎక్కువమందికి అలవాటైపోతుంది.

నావికుని ఉద్యోగమంతా సముద్రంలోనే గడవదు. ఓడ మీద కొంతకాలం, ఒడ్డు మీది స్థావరాలలో కొంతకాలం పని ఉంటుంది. స్థావరాలు విశాఖపట్నం, ముంబయి, కొచ్చి, కార్వార్, అండమాన్ వంటి తీర ప్రాంతాలలోనే ఎక్కువగా ఉంటాయి కనుక, ఒడ్డున ఉన్న కాలంలో కుటుంబం నగరంలో ఉండి పిల్లలను చదివించుకునే వీలు ఆర్మీ వారి కన్నా కొంత ఎక్కువ. చేతిపని మీద, యంత్రాల మీద మక్కువ ఉండి ఇరుకును, ఎడబాటును ఓర్చుకోగలిగితే నేవీ మంచి ఎంపిక.

ఎయిర్ ఫోర్స్‌లో చేరితే విమానం నడపవచ్చా?

అగ్నివీర్ వాయుగా చేరితే నడపలేరు. ఎన్నిసార్లు చెప్పినా ఈ అపోహ పోవడం లేదు, అందుకే సూటిగా రాస్తున్నాను. ఎయిర్ ఫోర్స్‌లో ఎక్కువమంది చేసే పని నేల మీదనే. విమానాన్ని ఎగరడానికి సిద్ధం చేయడం, ఇంజిన్లు, రాడార్లు, క్షిపణి వ్యవస్థల నిర్వహణ, సమాచార వ్యవస్థలు, భద్రత, కార్యాలయ పనులు వారి చేతుల మీదుగా నడుస్తాయి. ఒక్క బోల్టు వదులుగా ఉంటే పైలట్ ప్రాణం పోతుంది కనుక ఈ పనికి కావలసింది శ్రద్ధ, ఓపిక, రాసి ఉన్న పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా పాటించే గుణం. ఎయిర్‌మెన్ తొలి శిక్షణ కర్ణాటకలోని బెళగావిలో జరుగుతుంది. పని ఎక్కువగా వైమానిక స్థావరాలలో ఉండడం వల్ల మూడింటిలో కొంత నిలకడైన జీవితం దీనిలోనే కనిపిస్తుంది.

విమానం నడపాలంటే అధికారిగానే చేరాలి. ఇంటర్ తరువాత ఎన్‌డీఏ, డిగ్రీ తరువాత సీడీఎస్ (మూడు దళాల అధికారుల ఎంపికకు ఉమ్మడి పరీక్ష) లేదా ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్ ఫోర్స్ సొంత పరీక్ష) దీనికి మార్గాలు. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్ బ్రాంచికి 20 నుంచి 24 ఏళ్ల వయస్సు ఉండాలి. పైలట్ల ఎంపికలో భాగంగా జరిగే కంప్యూటర్ పరీక్షను జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. అందులో తప్పితే మళ్లీ అవకాశం లేదు, ఇతర బ్రాంచీలకు మాత్రం ప్రయత్నించవచ్చు. మన హైదరాబాదు శివార్లలోని దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలోనే వైమానిక దళ అధికారులు శిక్షణ పొంది బయటకు వస్తారు. ఇంకో విషయం, విమానాలూ హెలికాప్టర్లూ ఎయిర్ ఫోర్స్‌కు మాత్రమే లేవు. నేవీకి, ఆర్మీ ఏవియేషన్ కోర్‌కు కూడా సొంత పైలట్లు ఉన్నారు.

నా ఎత్తు 160 సెంటీమీటర్లు. నేను అనర్హుడినా?

ఆర్మీ జనరల్ డ్యూటీకి మన రాష్ట్రాల అబ్బాయిలకు 166 సెంటీమీటర్లు అడుగుతారు కనుక అక్కడ అవకాశం లేదు. నేవీలో 157, ఎయిర్ ఫోర్స్‌లో 152 సెంటీమీటర్లు కనీస ఎత్తుగా ఇటీవలి అగ్నివీర్ ప్రకటనలలో ఉన్నాయి. అంటే ఒక దళం ఎత్తు చాలదన్నంత మాత్రాన సైన్యమే వద్దన్నట్లు కాదు. ఎత్తు తక్కువైన మా విద్యార్థులు ఆర్మీ నియామక ర్యాలీ నుంచి కన్నీళ్లతో తిరిగి రావడం చూశాను. ఇంటి దగ్గర గోడకు నిలబడి ముందే కొలుచుకొని ఉంటే ఆ ఏడాది నేవీ పరీక్షకు చదువుకొని ఉండేవారు.

ఎత్తుతోపాటు రంగులను గుర్తించే చూపు, వినికిడి, పళ్లు, చదును పాదాలు, మోకాళ్లు తగలడం వంటివి దరఖాస్తుకు ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. కంటి చూపు కోసం లేజర్ శస్త్రచికిత్స చేయించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే వెంటనే నమ్మవద్దు. ఏ వయస్సులో చేయించుకున్నారు, ఎంతకాలం అయింది, ఏ విభాగానికి వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి అది అనర్హతగా కూడా మారవచ్చు. పచ్చబొట్టు విషయంలోనూ ఆంక్షలు ఉన్నాయి: సాధారణంగా మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు వరకు, అరచేతి వెనుక భాగం మీద మాత్రమే అనుమతిస్తారు. గిరిజన విద్యార్థులకు వారి ఆచారం ప్రకారం సడలింపు ఉంటుంది.

పరుగు ఏ దళంలో కష్టం?

ఆర్మీలో. దూరం మూడింటికీ 1.6 కిలోమీటర్లే. ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులు రావాలంటే అబ్బాయిలు 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించాలి. నేవీలో 6 నిమిషాల 30 సెకన్లు, ఎయిర్ ఫోర్స్‌లో 7 నిమిషాలు. ఆర్మీలో పరుగుకూ, బీముకూ (కమ్మీ పట్టుకొని శరీరాన్ని పైకి లేపడానికి) మార్కులు ఉంటాయి, మిగిలిన రెండింటిలో అది గట్టెక్కవలసిన గడప మాత్రమే. రాత పరీక్షలో వెనుకబడి పరుగులో ముందుండేవారికి ఆర్మీ, చదువులో ముందుండి పరుగులో మధ్యస్థంగా ఉండేవారికి నేవీ, ఎయిర్ ఫోర్స్ అనుకూలమన్నది నా అనుభవంలో తేలిన మాట. అయితే ఇప్పుడు ఆర్మీలో కూడా ముందుగా ఆన్‌లైన్ రాత పరీక్ష పాసైనవారినే ర్యాలీకి పిలుస్తారు కనుక పుస్తకం పక్కన పెట్టి మైదానంలోనే ఉండిపోతే కుదరదు.

తెలుగు మీడియంలో చదివాను, హిందీ రాదు. నెట్టుకు రాగలనా?

రాగలరు. ఆర్మీ అగ్నివీర్ రాత పరీక్షను ఇప్పుడు తెలుగులో కూడా రాయవచ్చు. ఎన్‌డీఏ, సీడీఎస్ ప్రశ్నపత్రాలు ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. చేరిన తరువాత ఆర్మీ బారకాసులలో హిందీ నడుస్తుంది, ఆరు నెలలు తిరిగేసరికి మాట్లాడడం వచ్చేస్తుంది. నేవీ, ఎయిర్ ఫోర్స్‌లలో సాంకేతిక పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి కనుక అక్కడ ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం ముఖ్యం.

అధికారులకైతే భాష ఇంకా పెద్ద బాధ్యత. సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, ఎన్‌డీఏ ద్వారా సైన్యంలో చేరి, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహించారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ఆయన వీరమరణం పొందారు, మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. తెలుగు ఇంట పుట్టిన ఆయన వెంట ఆ రాత్రి నడిచినవారిలో ఎక్కువమంది మాతృభాష తెలుగు కాదు. అధికారి తన జవాన్ల భాష నేర్చుకోవడం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు దళాన్ని బట్టి వేరుగా సిద్ధం కావాలా?

అవసరం లేదు. మూడు దళాలూ చూసే గుణాలు ఒక్కటే. ఐదు రోజుల పాటు కథలు రాయించడం, మాటకు తోచిన వాక్యం రాయించడం, మైదానంలో బృందంతో పనిచేయించడం, వ్యక్తిగత ఇంటర్వ్యూ వంటివి జరుగుతాయి. ఎన్‌డీఏలో రాత పరీక్షకు 900 మార్కులైతే ఎస్‌ఎస్‌బీకి కూడా 900. అయితే ఈ దళమే ఎందుకు అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో వచ్చే అవకాశం ఎక్కువ. కోచింగ్‌లో బట్టీ పట్టిన జవాబు అక్కడ నిలవదు. ఆ దళంలో పనిచేసినవారితో మీరు మాట్లాడి, మీకు మీరుగా తేల్చుకున్న కారణం ఎంత చిన్నదైనా అదే చెప్పండి.

అమ్మాయిలకు ఏ దళంలో అవకాశాలు ఎక్కువ?

అగ్నివీర్ స్థాయిలో నేవీ, ఎయిర్ ఫోర్స్ అమ్మాయిలను తీసుకుంటున్నాయి. ఆర్మీలో మాత్రం మిలటరీ పోలీస్ విభాగానికే పరిమితం. అధికారి స్థాయిలో చిత్రం మారింది. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశం తరువాత ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు తెరుచుకున్నాయి, 2025 మే నెలలో మొదటిసారి 17 మంది మహిళా క్యాడెట్లు అక్కడ శిక్షణ పూర్తి చేశారు. ఖాళీలు ఇంకా తక్కువే కనుక పోటీ తీవ్రం. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ భువనగిరిలో అమ్మాయిల కోసం సైనిక శిక్షణతో కూడిన డిగ్రీ కళాశాలను నడుపుతోంది. తల్లిదండ్రులు ఒకసారి వెళ్లి చూసి రావలసిన చోటు అది.

కోస్ట్ గార్డ్ సంగతి ఎవరూ చెప్పరేం?

నిజమే, చెప్పాలి. కోస్ట్ గార్డ్ నియామకాలు అగ్నిపథ్ కిందికి రావు. నావిక్ (నావికుడు) జనరల్ డ్యూటీకి గణితం, భౌతికశాస్త్రంతో ఇంటర్, డొమెస్టిక్ బ్రాంచికి పదో తరగతి, యాంత్రిక్ (యంత్రాల పని చేసేవారు) ఉద్యోగానికి ఇంజినీరింగ్ డిప్లొమా ఉండాలి. సముద్రం ఇష్టమై, నాలుగేళ్ల గడువు మాత్రం ఇష్టంలేని విద్యార్థులు దీనిని తప్పక చూడాలి. ఖాళీలు తక్కువన్నదే లోటు.

తెలిసినవాళ్లు డబ్బు కడితే ఉద్యోగం ఖాయం అంటున్నారు. నమ్మవచ్చా?

వద్దు. పరీక్ష రుసుము తప్ప ఎంపికలో ఎక్కడా ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు. పొలం అమ్మి దళారి చేతిలో పోసిన తండ్రిని నేను చూశాను, ఆ డబ్బు తిరిగి రాలేదు, ఆ అబ్బాయికి వయస్సు దాటిపోయింది. సందేహం ఉంటే గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాదులలోని ఆర్మీ నియామక కార్యాలయాలలో మీ జిల్లాకు సంబంధించిన చోటికి వెళ్లి అడగండి.

ఇదే సందర్భంలో ఇంకొకటి. ఎంపికైనవారి గురించి పోలీసు విచారణ తప్పనిసరి. 2022 జూన్ 17న సికింద్రాబాదు రైల్వే స్టేషన్‌లో అగ్నిపథ్‌పై జరిగిన ఆందోళనలో రైళ్లు కాలాయి, కాల్పుల్లో ఒక ప్రాణం పోయింది, సైన్యం కోసం ఏళ్లుగా పరుగెత్తిన కుర్రవాళ్ల మీద కేసులు నమోదయ్యాయి. ఆవేదన నిజమైనదే. అయినా ఒక్క కేసు మూడు దళాలకూ దూరం చేయగలదని గుర్తుంచుకోండి.

ఇంట్లో వద్దంటున్నారు. ఏమని ఒప్పించాలి?

ఒప్పించే ముందు వారి భయాన్ని వినండి. ప్రాణాపాయం ఉన్న మాట నిజం, దానిని తగ్గించి చెప్పవద్దు. పశ్చిమ గోదావరిలోని మాధవరం గురించి వినే ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్తూ వచ్చినందుకు ఆ ఊరిని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. వీలుంటే అమ్మానాన్నలను అక్కడికి, లేదా మీ మండలంలోనే ఉన్న మాజీ సైనికుని ఇంటికి తీసుకువెళ్లండి. ఆయన భార్యతో మీ అమ్మగారిని మాట్లాడనివ్వండి. నేను చెప్పే పది మాటల కన్నా, ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ఒక ఇల్లాలు చెప్పే మాట వారికి ఎక్కువ అర్థమవుతుంది. ఆమె మాట విన్నాక కూడా వద్దంటే, సాంకేతిక విభాగాల గురించి, అధికారి మార్గాల గురించి చెప్పి చూడండి. చాలా ఇళ్లలో వద్దన్నది సైన్యాన్ని కాదు, తెలియనితనాన్ని.

ఒక దళంలో చేరాక ఇంకో దళానికి మారవచ్చా?

జవాను స్థాయిలో నేరుగా మారే పద్ధతి లేదని అనుకొనే చేరండి. ఒకేసారి మూడు దళాల ప్రకటనలకూ దరఖాస్తు చేయడానికి అడ్డు లేదు, కానీ ఒకచోట శిక్షణ మొదలైన తరువాత వదిలి రావడం తేలిక కాదు. ఉన్న దళంలోనే పైకి వెళ్లే దారులు మాత్రం ఉన్నాయి. ఆర్మీలో రెగ్యులర్ జవానుగా పనిచేస్తూ అర్హత సాధించినవారు డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కళాశాలలో చదివి అధికారులుగా బయటకు వస్తారు. మిగిలిన దళాలలోనూ ఇలాంటి మార్గాలు ఉన్నాయి. అందుకే చేరేవారికి చివరగా ఒక పని అప్పగిస్తాను: పెట్టె సర్దుకునేటప్పుడు ఇంటర్ గణితం పుస్తకాన్ని కూడా అందులో పెట్టుకోండి.